భూమి ఎలాగూ కాలిపోతుంది కదా, కాపాడడం ఎందుకు? (2 పేతురు 3:10)

ఆవగింజ

అందరికీ వందనాలు. మా యూత్ బైబిల్ స్టడీలో ఈసారి సృష్టి అనే అంశం తీసుకున్నాం. ఆదికాండము 2:15తో మొదలుపెట్టాను. "దేవుడైన యెహోవా నరుని తీసికొని ఏదెను తోటను సేద్యపరచుటకును దాని కాచుటకును దానిలో ఉంచెను." పాపం లోకంలోకి రాకముందే మనిషికి అప్పజెప్పిన పని ఇది, కాబట్టి భూమిని చూసుకోవడం మన భక్తిలో భాగం అని చెబుతుండగా ఒకరు ఆపారు. "పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం కూడా చదవండి. భూమీ దాని మీద ఉన్నవన్నీ కాలిపోతాయని ఉంది. కాలిపోయేదాన్ని కాపాడమనే బదులు నశించిపోతున్న ఆత్మల గురించి చెప్పొచ్చు కదా" అన్నారు. సగం మంది అవునన్నట్టు తలలూపారు.

వచ్చే వారం ఇక్కడి నుంచే కొనసాగించాలి. "ప్రకృతి ఎంత అందంగా ఉందో చూడండి" లాంటి జవాబులు వద్దు, అది వాళ్లూ ఒప్పుకుంటారు. వాక్యంలోంచి చెప్పగలిగినవాళ్లు చెప్పండి. కాదనేవాళ్లు కూడా రండి.

సువార్తికుడు

కాదనేవాళ్లు రమ్మన్నారు కాబట్టి వస్తున్నాను సిస్టర్. ఆ ప్రశ్న అడిగిన వ్యక్తిని తక్కువ చేయకండి. ప్రభువు ఆరోహణమయ్యే ముందు ఇచ్చిన ఆజ్ఞ మత్తయి 28లో ఉంది. సమస్త జనులను శిష్యులనుగా చేయమన్నాడు. చెట్లు నాటమని అపొస్తలులు ఒక్క పత్రికలోనూ రాయలేదు. ఈ రోజుల్లో సువార్త చెప్పడానికి మొహమాటపడే సంఘాలు పర్యావరణ దినం మాత్రం ఘనంగా చేస్తున్నాయి. ఎందుకంటే దానికి ఎవరూ రాళ్లు వేయరు, పైగా మెచ్చుకుంటారు.

ఇంకో భయం కూడా ఉంది. రోమా 1:25 చదవండి. "సృష్టికర్తకు ప్రతిగా సృష్టమును పూజించి సేవించిరి." ప్రకృతే తల్లి, ప్రకృతే దేవుడు అనే మాటలు ఈ ఉద్యమాల వెనకాలే లోపలికి వస్తాయి. నేను ఊరికే అనడం లేదు, విన్నాను కాబట్టి చెబుతున్నాను.

బెరయవాసి

సువార్తికుడు గారి రెండో భయం న్యాయమైనదే, దాని గురించి తర్వాత రాస్తాను. ముందు 2 పేతురు 3 చూద్దాం. అందరూ పదో వచనం దగ్గర మొదలుపెట్టి పదో వచనం దగ్గరే ఆగిపోతారు.

ఐదు, ఆరు వచనాల నుంచి చదవండి. పేతురు అక్కడ జలప్రళయాన్ని గుర్తుచేస్తున్నాడు. అప్పుడున్న లోకం నీటివరదలో మునిగి నశించింది అంటాడు. నశించింది అనే అన్నాడు. మరి నోవహు ఓడ దిగినప్పుడు కాలు మోపింది ఏ భూమి మీద? అదే భూమి మీద. కొట్టుకుపోయింది దుష్టత్వం, దానితో నిండిన జీవన విధానం. రాబోయే అగ్నిని పేతురు ఆ నీటి పక్కనే పెట్టి చూపిస్తున్నాడు. కాబట్టి "కాలిపోవును" అనగానే "బూడిద తప్ప ఏమీ మిగలదు" అని అర్థం తీయడం తొందరపాటే అవుతుంది. పదమూడో వచనంలో క్రొత్త ఆకాశాలు, క్రొత్త భూమి, వాటిలో నీతి నివసిస్తుందని ఉంది. ఈ భూమినే శుద్ధిచేసి కొత్తది చేస్తాడా, పూర్తిగా తీసేసి ఇంకొకటి ఇస్తాడా అన్న దాని మీద భక్తిగల పండితుల్లోనే రెండు పక్షాలున్నాయి. నేను మొదటి పక్షం. కానీ ఇక్కడ అది తేలనక్కర్లేదు.

ఎందుకంటే రెండో పక్షమే నిజమనుకున్నా వాళ్ల ముగింపు నిలవదు. మన దేహం మట్టికి పోయేదే. అంతమాత్రాన తిండి మానేసి, జబ్బు వస్తే మందు వేసుకోకుండా, పైగా దేహాన్ని చేజేతులా పాడుచేసుకోవచ్చని ఎవరైనా బోధిస్తున్నారా? పదకొండో వచనంలో పేతురు ఈ సంగతి మొత్తం చెప్పి అడిగేది ఒక్కటే: మీరు ఎట్టివారై ఉండాలి? పరిశుద్ధ ప్రవర్తన, భక్తి. అంతం దగ్గరపడింది కాబట్టి అజాగ్రత్తగా ఉండండి అని కొత్త నిబంధనలో ఎక్కడా లేదు.

ప్రకటన 11:18 కూడా ఒకసారి తీయండి. తీర్పు దినాన దేవుడు ఎవరిని నశింపజేస్తాడో ఉన్న జాబితాలో "భూమిని నశింపజేయువారు" అని ఉంది.

కీర్తన104

ఆ ప్రకటన వచనం ఎన్నోసార్లు చదివాను గానీ ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు, థాంక్స్ బ్రదర్.

ప్రశ్నార్థకం

నేను సంఘానికి వెళ్లడం మానేసి చాలాకాలమైంది. అయినా ఈ వేదిక చదువుతుంటాను. అభ్యంతరం లేకపోతే ఒక మాట.

మీరు 2 పేతురు గురించి ఎంత చెప్పుకున్నా, అసలు సమస్య ఆదికాండము 1:28లో ఉంది. భూమిని "లోపరచుకొనుడి", ప్రతి జీవిని "ఏలుడి". 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి అంతా మనిషి కోసమే ఉందని నమ్మిన పాశ్చాత్య క్రైస్తవ్యం మీద ఈ పర్యావరణ సంక్షోభపు నేరంలో పెద్ద భాగం ఉందన్నాడు. యంత్రాలు, గనులు, అడవుల నరికివేత, వీటి వెనక ఉన్న ధైర్యం ఆ వచనం ఇచ్చిందేనని. దానికి మీ జవాబేంటి? ఇప్పుడు అందరూ పచ్చదనం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మీరూ వచనాలు వెతుక్కుంటున్నట్టు బయటివాళ్లకు కనిపిస్తుంది.

లేఖనదీపం

ప్రశ్నార్థకం గారూ, అభ్యంతరమేమీ లేదు, మంచి ప్రశ్న. సంఘ చరిత్ర పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ కొంచెం పొడవుగా రాస్తాను, భరించండి.

వైట్ వ్యాసాన్ని చాలామంది సగమే చెబుతారు. ఆయన క్రైస్తవ్యాన్ని వదిలేయమనలేదు. సమస్య మూలాలు మతంలో ఉన్నాయి కాబట్టి మందు కూడా అక్కడే వెతకాలన్నాడు. చివర్లో ఇటలీ సన్యాసి అసిస్సీ ఫ్రాన్సిస్ పేరు చెప్పి, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లకు ఆయన్ని పాలక పునీతుడిగా, అంటే వాళ్ల తరఫున పరలోకంలో నిలిచే పరిశుద్ధుడిగా పెట్టుకోవాలని సూచించాడు. 1979లో పోప్ రెండవ జాన్ పాల్ అదే ప్రకటన చేశారు.

ఫ్రాన్సిస్ గురించి సువార్తికుడు గారికి కూడా ఒక మాట. ఆయన 1225 ప్రాంతంలో, చూపు దాదాపు పోయి, ఒళ్లు బాగోలేని స్థితిలో ఒక కీర్తన కట్టాడు. అందులో సూర్యుణ్ణి అన్న అన్నాడు, నీటిని అక్క అన్నాడు, భూమిని తల్లి అని కూడా అన్నాడు. కానీ ప్రతి చరణంలో స్తోత్రం వెళ్లేది ప్రభువుకే. సూర్యుడికి కాదు, నీటికి కాదు. అందరం ఒకే చేతి పని కాబట్టి బంధువులం అన్నాడే తప్ప వాటికి మొక్కమనలేదు. 148వ కీర్తన కూడా సరిగ్గా అలాగే సూర్యచంద్రులను, పశువులను, ఫలవృక్షాలను స్తుతించమని పిలుస్తుంది. పూజ అందుకునేవాటిగా పిలవడం లేదు, మనతోపాటు నిలబడి ఆరాధించేవాటిగా పిలుస్తోంది.

ఇక "ఇప్పుడు వచనాలు వెతుక్కుంటున్నారు" అన్న మాట. ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ 1554లో ఆదికాండముపై వ్యాఖ్యానం వెలువరించాడు. అప్పటికి ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేవు, పర్యావరణం అనే చర్చే లేదు. ఆవగింజ గారు చెప్పిన 2:15 దగ్గర ఆయన రాసిన దాని సారాంశం ఇది: పొలం ఉన్నవాడు ఏటా దాని పంట అనుభవించవచ్చు, కానీ తన నిర్లక్ష్యం వల్ల నేల చెడిపోకూడదు, తాను అందుకున్నట్టుగానో, అంతకన్నా బాగుచేసో తర్వాతి తరానికి అప్పగించాలి. నాలుగున్నర శతాబ్దాల కిందటి మాట.

1824లో లండన్‌లో జంతువులపై క్రూరత్వాన్ని ఆపడానికి సంఘం పెట్టినప్పుడు ముందు నిలబడింది ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి. బానిసల వ్యాపారం రద్దు కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ స్థాపకుల్లో ఉన్నాడు. అంటే బానిసల గురించీ, ప్రజల నడవడి గురించీ, బండి లాగే గుర్రాల గురించీ పట్టించుకుంది ఒకే మనిషి. ఆయనకు ఇవి పోటీ పడే విషయాలుగా అనిపించలేదు.

అయితే వైట్ చెప్పిందంతా అబద్ధమని నేననను. వలస పాలన కాలంలో బైబిల్ చేతిలో పెట్టుకుని అడవులు దోచుకున్నవాళ్లున్నారు. సంఘం అడ్డుకోలేదు. ఆ చరిత్రకు వచనాలతో రంగు వేయక్కర్లేదు.

ప్రశ్నార్థకం

నిజాయితీగా చెప్పారు మాస్టారు, సంతోషం. కానీ "ఏలుడి" అలాగే ఉంది.

కీర్తన104

ఉంది, ఉండనివ్వండి. ఏలడం అంటే బైబిల్లో ఏమిటో బైబిల్నే అడుగుదాం.

ద్వితీయోపదేశకాండము 17లో ఇశ్రాయేలు రాజుకు పెట్టిన షరతులు చూడండి. గుర్రాలను విస్తారంగా కూడబెట్టకూడదు, వెండి బంగారాలు అతిగా విస్తరింపజేసుకోకూడదు, తన సహోదరుల మీద గర్వించకూడదు. రాజుకే ఇన్ని కళ్లేలు. 72వ కీర్తనలో మంచి రాజు కోసిన గడ్డి మీద వాన కురిసినట్టు దిగివస్తాడు, దరిద్రులను విడిపిస్తాడు. యెహెజ్కేలు 34లో చెడ్డ కాపరులను దేవుడు తిట్టేది కూడా ఇందుకే. కఠినంగా, బలాత్కారంగా ఏలారని. అదే అధ్యాయం 18వ వచనంలో ఇంకో మాట ఉంది: మంచి మేత మేసి మిగిలినదాన్ని కాళ్లతో తొక్కడం, తేట నీళ్లు తాగి మిగిలినదాన్ని కాళ్లతో కలకచేయడం మీకు చాలదా, నా గొర్రెలు మీరు తొక్కినదే మేయాలా అని. పై ఒడ్డునున్నవాడు నీళ్లు పాడుచేస్తే కింద ఉన్నవాడు అవే తాగాల్సి రావడం గురించి ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు? చివరికి ఏలిక అంటే ఏమిటో ప్రభువు మార్కు 10లో తేల్చేశాడు. అన్యజనుల అధికారుల్లా పెత్తనం చేయడం మీలో అలా ఉండకూడదు అని.

నా పేరే 104వ కీర్తన కాబట్టి దాని గురించి చెప్పకుండా వెళ్లలేను! అందులో దేవుడు అడవి గాడిదలకు నీళ్లు పెడతాడు. కొంగలకు సరళవృక్షాలు, కొండమేకలకు ఎత్తైన కొండలు, కుందేళ్లకు బండలు. సింహపు పిల్లలు ఆహారం కోసం దేవునివైపే చూస్తాయి. తెల్లారాక అవి పడుకుంటే, అప్పుడు మనిషి పనికి బయలుదేరతాడు. అంత పెద్ద కీర్తనలో మనిషి పని గురించి ఉన్నది అదొక్క వచనమే. రాత్రి షిఫ్టు వాటిది, పగటి షిఫ్టు మనది. యోబు 38:26లో అయితే మనుషులే లేని చోట దేవుడు వాన కురిపిస్తాడు. ఎవరికి లాభమని? మనకైతే కాదు. సృష్టి అంతా మనకోసమే అన్నది లిన్ వైట్ తప్పుపట్టిన నమ్మకం కదా, యోబు పుస్తకం కూడా దాన్ని ఒప్పుకోదు.

సువార్తికుడు

సిస్టర్ చక్కగా రాశారు. కానీ పాత నిబంధన నుంచి రాశారు. పౌలు ఏమన్నాడు? 1 కొరింథీ 9:9. "దేవుడు ఎడ్లకొరకు విచారించుచున్నాడా?" మన కొరకే చెప్పాడు కదా అన్నాడు. కొత్త నిబంధన వెలుగులో పాత నిబంధన చదవాలి.

తోటమాలి

ఎడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి నేనూ రావాల్సిందే.

అన్నా, పౌలు అక్కడ ఎత్తి చూపింది ద్వితీ 25:4. "నూర్చెడియెద్దు మూతికి చిక్కము వేయకూడదు." పౌలు వాదన ఏమిటి? సువార్త పనివాడికి జీతం న్యాయం అని. దాని బలం ఎక్కడుంది? కళ్లంలో కష్టపడే ఎద్దు కూడా తన కష్టంలోంచి తినవచ్చని దేవుడే రాయించాడు, మరి పనివాడికి ఎంత ఎక్కువ న్యాయం కావాలి అనడంలో ఉంది. ఎద్దు సంగతి దేవునికి పట్టదు అనుకుంటే ఆ ఆజ్ఞ ఎందుకు ఇచ్చాడు? కింది మెట్టు తీసేస్తే పై మెట్టు కూలుతుంది. ప్రభువు కూడా ఇలాగే వాదించాడు. విశ్రాంతి దినాన ఎద్దు గుంటలో పడితే బయటికి తీయరా అన్నాడు లూకా 14లో. వినేవాళ్లందరూ తీస్తారని ఆయనకు తెలుసు. రెండు పిచ్చుకలు కాసుకు అమ్ముడవుతాయి, అందులో ఒకటైనా తండ్రి సెలవు లేక నేల పడదు అన్నాడు. మీరు అనేక పిచ్చుకలకంటే శ్రేష్ఠులు అన్నాడు కూడా, నిజమే. శ్రేష్ఠులు అన్నాడు గానీ పిచ్చుకలు లెక్కలోకి రావు అనలేదు. యోనా గ్రంథం చివరి మాట ఏమిటో గుర్తుందా? "బహు పశువులును." పుస్తకం అక్కడితో అయిపోతుంది.

మట్టితో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు లేవీయ 25 అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఆరేళ్లు విత్తు, ఏడో ఏట భూమికి విశ్రాంతి. నిర్గమ 23:11 చూస్తే ఆ ఏడు దానంతట అది పండింది బీదవాళ్లు తినాలి, వాళ్లు మిగిల్చింది అడవి జంతువులు తినాలి. నేలను కొన్నాళ్లు ఖాళీగా వదిలితే తేమ నిలుస్తుంది, కలుపు ఆకులు రాలి మట్టిలో కలుస్తాయి, సత్తువ కొంత తిరిగొస్తుంది. ఇది ఏ రైతుకైనా తెలుసు. కానీ వచనంలో కారణం అది రాయలేదు. ఇది "యెహోవా పేరట విశ్రాంతి" అని ఉంది. దిగుబడి పెరుగుతుందని కాకుండా, నేల ఎవరిదో గుర్తుపెట్టుకోవడానికి. అదే అధ్యాయంలో "భూమి నాదే, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు" అని తేల్చేశాడు. ఆ విశ్రాంతులు ఇవ్వకపోతే ఏమైందో 2 దినవృత్తాంతములు 36:21లో ఉంది. జనం బబులోనుకు చెరగా పోయారు, 70 ఏళ్లు దేశం పాడుగా పడి ఉండి తన విశ్రాంతి దినాలు తాను అనుభవించింది.

యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్లు నరకవద్దు (ద్వితీ 20:19). గూట్లో పిల్లలను తీసుకున్నా తల్లి పక్షిని పట్టుకోవద్దు (22:6). రెండిటిలోనూ సూత్రం ఒకటే, వాడుకో కానీ మళ్లీ పుట్టే దారి మూసేయకు. చేపల వల కన్ను ఎంత ఉండాలి అని ఈ రోజు పెట్టే రూల్స్ వెనక ఉన్నదీ ఇదే కదా.

సువార్తికుడు

ఎడ్ల వాదన బాగుంది తమ్ముడూ, ఆలోచిస్తాను. అయితే ఏడో ఏటి విశ్రాంతి ఇశ్రాయేలుకిచ్చిన ధర్మశాస్త్రం. మనం దాని కింద లేము. లేమని మీరూ ఒప్పుకుంటారు.

బెరయవాసి

ఒప్పుకుంటాం. అక్షరాలా ఆచరించమని ఎవరూ అనడం లేదు. కానీ కొలస్సయి 1 ధర్మశాస్త్రం కాదు కదా. సర్వమూ ఆయన ద్వారా, ఆయనను బట్టి సృజించబడింది. సిలువ రక్తం చేత సంధిచేసి సమస్తాన్ని తనతో సమాధానపరచుకోవడం తండ్రికి ఇష్టమైంది. భూలోకంలో ఉన్నవైనా, పరలోకంలో ఉన్నవైనా. సిలువ వెడల్పు అంత. రోమా 8లో సృష్టి మూలుగుతోంది, దేని కోసం? దేవుని పిల్లల మహిమగల స్వాతంత్ర్యంలోకి రావడం కోసం. దాన్ని మనతోపాటు విడిపిస్తానన్నవాడు దాని పట్ల నిర్లక్ష్యం నేర్పిస్తాడా?

2010లో కేప్‌టౌన్‌లో లోసాన్ ఉద్యమం పెద్ద మహాసభ జరిపింది. ప్రపంచమంతటి నుంచి వచ్చిన ఇవాంజెలికల్ నాయకులు. సువార్త ప్రకటన మీద వాళ్లకు ఏ మొహమాటమూ లేదు, అదే వాళ్ల ఊపిరి. ఆ సభ నుంచి వచ్చిన ప్రకటనలో సృష్టి పట్ల శ్రద్ధ క్రీస్తు ప్రభువుత్వం కిందికి వచ్చే సువార్త విషయమేనని స్పష్టంగా రాశారు. భూమి క్రీస్తుది అయినప్పుడు, క్రీస్తును ప్రేమిస్తున్నామంటూ ఆయన సొత్తును పాడుచేయలేం అన్నది దాని సారం.

సువార్తికుడు

మహాసభ ప్రకటన బైబిల్ కాదు.

బెరయవాసి

కాదు. బైబిల్‌తో సరిపోలుతుందో లేదో చూడమనే పెట్టాను. విన్నది లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్ల పేరు పెట్టుకున్నాను మరి (అపొస్తలుల కార్యములు 17:11) :)

మిషన్_డైరీ

సువార్త ఒకవైపు, చెట్లు ఇంకోవైపు అన్నట్టు నడుస్తోంది చర్చ. రెండూ ఒకే జీవితంలో ఉన్న ఒక మనిషి గురించి రాస్తాను.

టోనీ రినాడో, ఆస్ట్రేలియా ఆయన, వ్యవసాయ శాస్త్రం చదివాడు. 1980ల మొదట్లో భార్యాపిల్లలతో మిషనరీగా పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశానికి వెళ్లాడు. మరాడీ ప్రాంతం. అప్పటికే చెట్లు పోయి, ఇసుక గాలికి మొలకలు పూడిపోయి, పంట దక్కని నేల. ఆయనకు అప్పజెప్పిన పని చెట్లు నాటించడం. నాటినవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయేవి. రైతులకూ ఆసక్తి లేదు. పొలంలో చెట్టు ఉన్నా చట్టప్రకారం అది ప్రభుత్వానిది. తనది కానిదాన్ని ఎవరు పెంచుతారు?

1983లో ఒకరోజు మొక్కలు వేసుకుని వెళ్తూ, ఇసుకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించడానికి ఆగాడు. చుట్టూ చూస్తే కనుచూపుమేర చెట్టు లేదు. నిరాశతో ప్రార్థన చేసుకున్నాడు. దేవుడిచ్చిన నేలను పాడుచేసినందుకు మమ్మల్ని క్షమించు, కళ్లు తెరిపించు అని. దగ్గర్లో ఒక పొద కనిపించింది. అలాంటి పొదలు రోజూ చూసేవే. దగ్గరికెళ్లి ఆకు చూస్తే అది పొద కాదు, నరికేసిన చెట్టు మొద్దు నుంచి వచ్చిన చిగుళ్లు. కింద వేర్లు బతికే ఉన్నాయి. అంటే లక్షల చెట్లు అప్పటికే నేల కింద ఉన్నాయి, ఏటా నరకడం, పశువులు మేయడం, నిప్పు పెట్టడం వల్ల పైకి రాలేకపోతున్నాయి.

తర్వాత పని చాలా మామూలుది. మొద్దుకు వచ్చే చిగుళ్లలో గట్టివి కొన్ని ఉంచి మిగతావి కత్తిరించడం, వాటిని పశువుల నుంచి, నిప్పు నుంచి కాపాడడం. నర్సరీ అక్కర్లేదు, నీళ్లు పోయక్కర్లేదు. మొదట్లో నవ్వారు. 1984 కరువులో పనికి ఆహారం ఇచ్చే కార్యక్రమం పెట్టి, పొలంలో కొన్ని చెట్లు ఉంచాలని షరతు పెట్టారు. కరువు తీరాక చాలామంది మళ్లీ నరికేశారు కూడా. కానీ ఉంచుకున్నవాళ్ల పొలాల్లో గాలి తగ్గింది, వంటకు కట్టె, పశువులకు మేత దొరికాయి, పంట మెరుగైంది. ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. రెండు దశాబ్దాల్లో నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయని పరిశోధకులు అంచనా వేశారు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

సువార్తికుడు గారూ, పిల్లలు ఆకలితో ఉన్న చోట ఆ మనిషి చేసినదాన్ని ఏ గదిలో పెడతారు? పొరుగువాణ్ణి ప్రేమించడమా, సృష్టిని చూసుకోవడమా? నాకైతే విడదీయడం చేతకాలేదు.

సువార్తికుడు

పొరుగువాణ్ణి ప్రేమించడం. ఆ గదిలో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్నార్థకం

ఈ కథ బాగుంది, నిజంగా. కానీ ఒకటి. చిగుళ్లు కత్తిరించడానికి విశ్వాసం అక్కర్లేదు. దేవుణ్ణి నమ్మనివాడు చేసినా చెట్టు అలాగే పెరుగుతుంది. మరి ఇందులో "క్రైస్తవం" ఏముంది?

లేఖనదీపం

చెట్టుకు తేడా లేదు, నిజం. వాన నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకేలా కురుస్తుందన్నది ప్రభువు మాటే. నమ్మనివాళ్లు మనకన్నా బాగా చేస్తున్నచోట వాళ్లతో కలిసి పనిచేయాలి, నేర్చుకోవాలి.

తేడా చేసేవాడిలో ఉంటుంది. మొదటిది, పశ్చాత్తాపం. రినాడో ముందు క్షమాపణ అడిగాడు, గమనించారా? 1997లో ఆర్థడాక్స్ పేట్రియార్క్ (ఆ సంఘపు ప్రధాన మతాధిపతి) బర్తలోమయి నేలను, నీటిని, గాలిని పాడుచేయడం పాపం అని సూటిగా అన్నారు. పొరపాటు అనలేదు, సమస్య అనలేదు. పాపం అన్నాక మన దగ్గర దానికి ఒక దారి ఉంది. ఒప్పుకోవడం, తిరగడం, సరిచేయడం. జింబాబ్వేలో 1990లలో ఆఫ్రికన్ స్వతంత్ర సంఘాలు కొన్ని కలిసి దీన్ని ఆరాధనలోకే తెచ్చాయి. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు చేతిలో మొక్కతో వచ్చేవారు. చెట్లు నరికాం, వాగు ఒడ్డున దున్నాం అని ఒప్పుకుని, రొట్టె ద్రాక్షారసం తీసుకుని, వెళ్లి నాటేవారు. వేదాంతం పుస్తకాల్లో రాసుకోవడం వేరు, ఇది వేరు.

రెండోది, ఫలితం మీద ఆధారపడకపోవడం. భూమి కాలిపోతుందా, వాతావరణం చక్కబడుతుందా, మనం గెలుస్తామా ఓడుతామా అన్నది చూసి మొదలుపెట్టే పని కాదిది. 24వ కీర్తన మొదటి వచనం, "భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే." వేరేవాడి సొత్తు చేతిలో ఉంది. ఆయన వచ్చి లెక్క అడిగేదాకా చూసుకోవాలి. ఆవగింజ గారూ, మీ స్టడీలో ప్రశ్న వేసినవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను. భూమి ఎంతకాలం ఉంటుందన్న దానితో మన బాధ్యత పెరగదు, తగ్గదు.

గ్రేస్_అక్క

ఇథియోపియా చర్చి అడవుల గురించి ఎవరూ రాయలేదేం? ఉత్తర ఇథియోపియాలో పొలాల మధ్య గుండ్రంగా పచ్చటి చుక్కల్లా కనిపిస్తాయి, ఉపగ్రహ చిత్రాల్లో కూడా. ప్రతి చుక్క మధ్యలో ఒక ఆర్థడాక్స్ గుడి. చుట్టుపక్కల అడవి అంతా పోయినా, దేవుని ఇంటి చుట్టూ ఉన్న చెట్లను ఆవరణలో భాగంగా భావించి శతాబ్దాలుగా ఉంచారు. ఇప్పుడు పశువులు లోపలికి రాకుండా కొన్నిచోట్ల రాతి గోడలు కడుతున్నారు, పాదిరులూ శాస్త్రవేత్తలూ కలిసి. ఆ ప్రాంతపు చెట్ల జాతులు కొన్ని ఇక అక్కడే మిగిలాయి.

మన చర్చి కాంపౌండ్‌లకు వస్తే, పార్కింగ్ కోసం మొత్తం సిమెంట్ పోయడమే అభివృద్ధి అనుకుంటున్నాం. వాన నీరు లోపలికి ఇంకే చోటుండదు.

చిన్నమంద

అక్కా, కాంపౌండ్ అనగానే నా బాధ కూడా చెప్పుకుంటాను. నేనుండే సంఘంలో మొక్కలు నాటే కార్యక్రమం పెద్దగా చేశారు. టీషర్టులు, ఫ్లెక్సీ, ఫొటోలు. మర్నాటి నుంచి నీళ్లు ఎవరు పోయాలో ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలానికి కర్రలు మిగిలాయి. ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరలేదు, ప్లాస్టిక్ కదా. నాటడం ఒక్కరోజు పని, కాచడం ఏళ్ల పని. వచనంలో "కాచుటకును" అని కూడా ఉంది మరి.

తోటమాలి

నాటే ముందే ఒక్కో మొక్కకు ఒక్కో కుటుంబం పేరు రాయించండి. పేర్లు రాకపోతే అన్ని మొక్కలు కొనకండి. ఎన్ని పేర్లు వస్తే అన్నే. స్థానికంగా బతికే జాతులే పెట్టండి. త్వరగా పెరుగుతుందని పరదేశి జాతి తెచ్చి పెడితే పక్షికీ పురుగుకీ అందులో ఏమీ దొరక్కపోవచ్చు.

మొక్కలకన్నా ముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. సహవాస భోజనం అయ్యాక డస్ట్‌బిన్ నిండా ఉండేదేమిటి? ఖాళీ హాల్లో తిరిగే ఫ్యాన్లు, కారే కుళాయి, అవసరం లేకుండా మోగే జనరేటర్. ఐదువేల మందికి పెట్టాక కూడా, "ఏమియు నష్టపడకుండ" ముక్కలు పోగుచేయమన్నాడు ప్రభువు (యోహాను 6:12). మళ్లీ అద్భుతం చేయగలిగినవాడికి మిగిలిన ముక్కలెందుకు? అయినా ఏరించాడు.

అసిస్సీ_మిత్రుడు

కాథలిక్ సభ్యుణ్ణి, ఇక్కడ మైనారిటీ :) ఒక సమాచారం. సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థన దినంగా 1989లో ఆర్థడాక్స్ పేట్రియార్క్ దిమిత్రియోస్ మొదలుపెట్టారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ మా సంఘానికి కూడా ప్రకటించారు. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు కూడా ఆ రోజు నుంచి అక్టోబర్ 4 వరకు సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. అదే ఏడాది పోప్ సంఘమంతటికీ రాసిన విశ్వలేఖలో భూమి మొరనూ బీదల మొరనూ కలిపి వినాలన్నారు. పైన మిషన్_డైరీ గారు "విడదీయడం చేతకాలేదు" అన్నది సరిగ్గా అదే. మీ యూత్ స్టడీ ఆ రోజుల్లో పెట్టుకుంటే ఇతర సంఘాల యువతతో కలిసి చేయొచ్చు.

సువార్తికుడు

చర్చ చివరికొచ్చినట్టుంది, నా స్థానం చెప్పి వెళ్తాను. జీవులపై క్రూరత్వం, నీళ్లు పాడుచేయడం, వృథా, ఇవి పాపమని ఎవరు బోధించినా ఆమేన్ అంటాను. బీదవాడికి దెబ్బ తగిలే చోట మౌనంగా ఉండకూడదన్నదీ ఆమేన్. కానీ ఒక చెట్టు నాటడాన్ని "సువార్త ప్రకటన" అని పిలిస్తే మాత్రం ఒప్పుకోను. చెట్టు క్రీస్తు సిలువ గురించి నోరు తెరిచి చెప్పదు. వినకుండా ఎట్లు విశ్వసిస్తారు, రోమా 10. లోసాన్ వాళ్లు ఏ పేరు పెట్టుకున్నా సరే.

బెరయవాసి

సువార్త ఫలం అంటే?

సువార్తికుడు

ఫలం అంటే ఆలోచిస్తాను. వేరు అనకండి.

ఆవగింజ

అందరికీ చాలా థాంక్స్. సువార్తికుడు అన్నా, మీరు లేకపోతే ఈ చర్చ ఇంత గట్టిగా జరిగేది కాదు. మీ చివరి పోస్టును స్టడీలో అలాగే చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

నా ప్లాన్: 2 పేతురు 3 మొత్తం చదవడం, తర్వాత లేవీయ 25, చివర యోనా 4. మొక్కల కార్యక్రమం ఇప్పుడే వద్దనుకుంటున్నాను. చిన్నమంద గారి పోస్టు చదివాక టెన్షన్ పట్టుకుంది. ముందు మా హాల్ కరెంటు వాడకం, భోజనాల తర్వాత చెత్త, ఇవి యూత్‌తోనే లెక్క రాయిస్తాను.

తోటమాలి

యోనాను చివర్లో పెట్టకమ్మా, ముందు పెట్టు. సొరచెట్టు ఎండిపోయినందుకు చచ్చిపోతానన్నవాడు నీనెవె లాంటి అంత పెద్ద పట్టణం గురించి ఏమీ అనుకోలేదు. దేవుడు రెండూ అడిగాడు, మనుషుల్నీ పశువుల్నీ. "ఆత్మలా, భూమా" అని మీ స్టడీలో తలలూపినవాళ్లను ఆ ప్రశ్న దగ్గర కూర్చోబెట్టి, ఆ తర్వాత పేతురు దగ్గరికి వెళ్లండి. చెత్త లెక్క రాసేటప్పుడు తడి, పొడి విడివిడిగా తూకం వేయించు, లేకపోతే ఆ లెక్కతో ఏం చేయాలో తెలియదు.